ఏ కార్డు నిలుచును, ఏ కార్డు పడును?

అడ్మిషను రిజిస్టరు ఎరుగని ఉపాధ్యాయుడుండడు. ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క అడ్డువరుస. పేరు, పుట్టిన తేదీ, ఊరు, మాతృభాష, చేరిన తరగతి మొదలగు వివరములకు నిలువు గళ్ళు. పై కార్యాలయము నుండి ఒక కాగితము వచ్చును: "తొమ్మిదవ తరగతి చదువుచు, పదునాలుగు సంవత్సరములు నిండి, విద్యార్థివేతనము పొందని బాలికలెందరు?" గుమాస్తా రిజిస్టరు ముందు పెట్టుకొని, వరుస వెంట వరుస వేలితో చూచుకొనుచు పోవలెను. మరునాడు మరొక ప్రశ్న వచ్చినచో మరల మొదటి పుట నుండి ప్రారంభము. సమాచారము లేక కాదు ఈ కష్టము. ఉన్న రాశిలో నుండి కావలసినదానిని వేరుచేయుటలోనే ఉన్నది.

నేటి కంప్యూటరులో ఈ పనికి ఒక్క పంక్తి చాలును. ఆ పంక్తిలో ఉండునవి కొద్ది గుర్తులు మాత్రమే: సమానము, కంటె ఎక్కువ, కంటె తక్కువ, మరియు, లేదా, కాదు. ఇవి చూచుటకు చిన్నవి. కాని ఇవి యంత్రములోనికి ప్రవేశించుటకు నూరేండ్లకు దగ్గరగా పట్టినది. ప్రవేశించిన తరువాత కూడ ఒక చిక్కు మిగిలియే ఉన్నది. ఆ కథయే ఈ వ్యాసము.

రిజిస్టరుకు ఉన్న లోపమేమనగా, దానిలోని వరుసలు కదలవు. వరుసలను విడదీసి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క చీటీ మీద వ్రాసినచో, వాటిని కావలసిన విధముగా గుట్టలు పెట్టవచ్చును. మన దేశమున 1901 జనాభా లెక్కలలో ఈ చీటీల పద్ధతిని ప్రవేశపెట్టినారు. అంతకు ముందే జర్మనీలోని బవేరియాలో ఇది వాడుకలో నుండెను. ఒక మనిషికి ఒక చీటీ. మొదట స్త్రీ పురుషులుగా రెండు గుట్టలు, ప్రతి గుట్టను వయస్సును బట్టి మరికొన్ని గుట్టలు, ఇట్లు విడదీసి లెక్కించెడివారు. ప్రశ్న మారినప్పుడెల్ల గుట్టలు కలిపి మరల విడదీయవలసినదే. అయినను రిజిస్టరు కంటె ఇది ఎంతయో మెరుగు. ఒక నమోదును తక్కిన వాటితో సంబంధము లేకుండ ఎత్తి పక్కన పెట్టగలుగుటయే ఇందలి కీలకము.

ఆ చేతి పనిని యంత్రమునకు అప్పగించినవాడు హెర్మన్ హోలరిత్. ఇతడు 1860లో అమెరికాలోని బఫెలో నగరమున పుట్టి, 1879లో కొలంబియా గనుల విద్యాలయమున పట్టము పొంది, 1880 జనాభా లెక్కలలో ఉద్యోగమునకు చేరినాడు. ఆ లెక్కల పట్టికలు పూర్తి అగుటకు ఏడెనిమిది సంవత్సరములు పట్టినది. ఇదే తీరున సాగినచో ఒక దశాబ్దపు లెక్కలు ముగియకముందే మరొక దశాబ్దపు లెక్కలు వచ్చి పడునని అధికారులకు భయము పుట్టినది. అక్కడనే పనిచేయుచున్న జాన్ షా బిల్లింగ్స్ అను వైద్యుడు, ఈ పనికి ఏదైన యంత్రము ఉండవలెనని హోలరిత్‌తో అన్నాడు.

హోలరిత్‌కు దారి చూపినది ఒక రైలు టిక్కెట్టు. ఆ రోజులలో కొన్ని రైళ్ళలో ఒకరి టిక్కెట్టును మరొకరు వాడకుండుటకై, కండక్టరు ప్రయాణికుని జుట్టు రంగు, కండ్ల రంగు, ముక్కు పరిమాణము మొదలగు గుర్తులను టిక్కెట్టు మీద చిల్లులతో నమోదు చేసెడివాడు. మనిషి వర్ణన చిల్లులుగా మారినది! జనాభా లెక్కలలో ప్రతి మనిషికి ఇటువంటి "చిల్లుల చిత్తరువు" ఎందుకు తీయరాదని హోలరిత్ ఆలోచించినాడు. ప్రయోగములు చేసి, 1889లో పేటెంట్లు పొందినాడు.

యంత్రము పనిచేయు తీరు ఇది. కార్డును ఒక పలక మీద పెట్టి పిడిని క్రిందికి లాగవలెను. పైనుండి స్ప్రింగులు గల సూదుల వరుసలు దిగును. చిల్లు లేనిచోట సూది అట్టకు తగిలి ఆగిపోవును. చిల్లు ఉన్నచోట సూది దానిగుండ దూరి, అడుగున ఉన్న చిన్న గిన్నెలోని పాదరసమును తాకును. వెంటనే విద్యుద్వలయము పూర్తియై, ముందున్న గడియారము వంటి ముఖముపై ముల్లు ఒక గీటు కదలును. గంట మ్రోగును. పక్కన ఉన్న అరల పెట్టెలో తగిన అర మూత దానంతట అదే తెరచుకొనును. పనివారు కార్డును అందులో వేసి మూత మూయుదురు. విసుగు పుట్టినప్పుడు కొందరు ఉద్యోగులు గిన్నెలలోని పాదరసమును తీసివేసి, యంత్రము చెడిపోయినదని విశ్రాంతి తీసికొనెడివారట!

ఒక్కొక్క చిల్లును లెక్కించుటతో హోలరిత్ తృప్తి పడలేదు. "ఈ దేశములో పుట్టినవారు, తెల్లవారు, పురుషులు" అను మూడు లక్షణములు ఒకేసారి ఉన్నవారెందరు అను ప్రశ్నకు జవాబు కావలెను. అందుకై విద్యుచ్ఛక్తితో మూసికొను స్విచ్చులను, అనగా రిలేలను, ఒకదాని వెనుక నొకటి కలిపినాడు. మూడు సూదులును పాదరసమును తాకిననే ప్రవాహము చివరివరకు పోయి ముల్లు కదలును. ఒక్కటి తాకకున్నను కదలదు. నేడు మనము "మరియు" అను మాట వ్రాయుచోట అతడు తీగ కలిపినాడు. ప్రశ్న మారినప్పుడు తీగలు విప్పి మరల కట్టవలెను. ఆ యంత్రమున ప్రశ్నకు వేరే రూపము లేదు; తీగల అమరికయే ప్రశ్న.

1890 లెక్కలకు ఏ పద్ధతి మేలో తేల్చుటకు ఒక పోటీ పెట్టినారు. చేతివ్రాత చీటీలు, రంగు కార్డులు ఉపయోగించిన రెండు పద్ధతులకు పట్టికలు వేయుటకు 44 గంటలు ఒకదానికి, 55 గంటలు మరొకదానికి దాటినవి. హోలరిత్ యంత్రము అదే పనిని అయిదున్నర గంటలలో ముగించినది. ఆ సంవత్సరము 6 కోట్ల 20 లక్షలకు మించిన జనుల కార్డులు ఈ సూదుల క్రింద నడచినవి. అతడు 1896లో స్థాపించిన కంపెనీ 1911లో మరికొన్నిటితో కలసి, 1924 నుండి ఐ.బి.ఎం. అను పేరుతో ప్రసిద్ధి చెందినది.

మనుష్యులను లక్షణములను బట్టి వేరుచేయు సాధనము ఎవరి చేతిలో ఉన్నదన్న ప్రశ్న కూడ అప్పుడే పుట్టినది. 1942లో అమెరికా ప్రభుత్వము పశ్చిమ తీరమున నివసించు జపాను సంతతివారిని నిర్బంధ శిబిరములకు తరలింప నిశ్చయించినప్పుడు, ఏ పేటలో ఎందరున్నారో చూపు పట్టికలను 1940 జనాభా లెక్కల నుండి తీసి సైన్యమునకు ఇచ్చినారు. సుమారు 1,20,000 మందిని శిబిరములలో ఉంచినారు; వారిలో ఎక్కువమంది అమెరికా పౌరులే. కార్డులో పుట్టుకను తెలుపు గడిని పెట్టిననాడు ఈ ఉపయోగమును ఎవరును తలచి ఉండరు.

ఇంతవరకు చెప్పినది ఇంజనీర్ల కథ. "మరియు", "లేదా", "కాదు" అను మాటలకు లెక్క ఉన్నదని అంతకు ముందే గణితవేత్తలు గ్రహించినారు. ఐర్లండులోని కార్క్ నగరమున ఆచార్యుడుగా ఉండిన జార్జి బూల్ 1854లో ప్రకటించిన గ్రంథములో, ఈ మాటలను బీజగణిత చిహ్నములవలె నడిపించి చూపినాడు. అతని సమకాలికుడు ఆగస్టస్ డీమోర్గాన్ పేరు మన విద్యార్థులకు సమితుల పాఠములో వినవచ్చునదే. ఇతడు 1806లో మధురలో, నాటి మద్రాసు రాజధానిలో, పుట్టినవాడని చెప్పినచో తరగతిలో కొంత ఉత్సాహము కలుగును. ఇన్ని తెలిసియు, హోలరిత్ రిలేలకు బూల్ బీజగణితమునకు గల చుట్టరికమును చాలకాలము ఎవరును బాగుగ ఎత్తి చూపలేదు. 1937లో క్లాడ్ షానన్ అను విద్యార్థి తన సిద్ధాంత వ్యాసములో ఆ పని చేసినాడు. ఒకదాని వెనుక నొకటి కలిపిన స్విచ్చులు "మరియు", పక్కపక్కన కలిపినవి "లేదా".

విద్యుచ్ఛక్తి లేకుండ ఈ మూడు పరిక్రియలను తరగతిలో చూపవచ్చును. 20వ శతాబ్దమున గ్రంథాలయములలోను, ఆసుపత్రులలోను అంచు చిల్లుల కార్డులు విరివిగా వాడినారు. వాటిని తయారుచేయుట సులభము. నలుబది పోస్టుకార్డులను దొంతిగా పేర్చి, పై అంచుకు దగ్గరగా సమాన దూరములలో ఎనిమిది చిల్లులు వేయండి. కార్డులు తిరగబడకుండ ఒక మూల కత్తిరించండి. ఒక్కొక్క చిల్లు ఒక్కొక్క లక్షణమునకు: బాలిక, తొమ్మిదవ తరగతి, వసతిగృహము, తెలుగు మాతృభాష, ఇట్లు. ఒక్కొక్క విద్యార్థికి ఒక కార్డు. లక్షణము ఉన్నచో ఆ చిల్లు నుండి అంచువరకు కత్తెరతో కత్తిరించి గండి చేయండి. లేనిచో చిల్లును అట్లే ఉంచండి.

ఇప్పుడు దొంతిని పట్టుకొని "బాలిక" అను చిల్లులో స్వెట్టరు అల్లు సూదిని గుచ్చి పైకెత్తండి. గండి ఉన్న కార్డులు క్రిందపడును. లేనివి సూదికి వ్రేలాడుచుండును. పడినవి బాలికల కార్డులు. వ్రేలాడునవి "బాలిక కాదు". పడిన వాటిని ప్రోగుచేసి "తొమ్మిదవ తరగతి" చిల్లులో మరల గుచ్చినచో, ఈసారి పడునవి తొమ్మిదవ తరగతి బాలికలు: ఇది "మరియు", అనగా సమితుల ఛేదనము. "లేదా" కావలెనన్నచో, మొదట పడిన వాటిని పక్కన పెట్టి, సూదికి వ్రేలాడుచున్న వాటినే రెండవ చిల్లులో గుచ్చి, పడిన రెండు కట్టలను కలుపవలెను: ఇది సమ్మేళనము.

ఈ ప్రయోగములో విద్యార్థులచే ఒక సంగతి గమనింపజేయవలెను. ముందు బాలికలను తీసి పిమ్మట తొమ్మిదవ తరగతిని తీసినను, ముందు తరగతిని తీసి పిమ్మట బాలికలను తీసినను, చివరకు పడు కార్డులు అవియే. కాని శ్రమ ఒకటి కాదు. ఆరువందల కార్డులలో బాలికలు మూడువందలు, తొమ్మిదవ తరగతివారు అరువది అయినచో, ముందు తరగతిని తీసినవానికి రెండవసారి అరువది కార్డులే చేతిలో ఉండును. "ఏవి కావలెను" అనునది ఒక విషయము, "ఏ క్రమములో వెదకవలెను" అనునది మరొక విషయము. ఈ రెంటిని విడదీయుటయే తరువాతి అధ్యాయమునకు ప్రాణము.

కంప్యూటర్లు వచ్చిన తరువాత కార్డులలోని వివరములు అయస్కాంత టేపుల మీదికి, 1956 నుండి డిస్కుల మీదికి ఎక్కినవి. టేపులో ఒక నమోదును చేరుటకు దానికి ముందున్నవన్నియు చుట్టవలెను. డిస్కులో నేరుగా పోవచ్చును. అందుచేత నమోదులను ఒకదాని నుండి మరొకదానికి దారాలతో కట్టినట్లు కట్టు విధానములు బయలుదేరినవి. చార్లెస్ బాక్‌మన్ 1960ల ఆరంభమున రూపొందించినది అందులో పేరుపొందినది. ఇతడు 1973లో ట్యూరింగ్ బహుమతి అందుకొన్నప్పుడు, ప్రోగ్రాము వ్రాయువానిని ఓడ నడుపువానితో పోల్చినాడు. పోలిక చక్కనిదే. కాని పై కార్యాలయపు కాగితమునకు జవాబు వ్రాయుటకు గుమాస్తా ఓడ నడపవలసి వచ్చుట న్యాయమా? దారాల అమరిక మారినచో ప్రోగ్రామంతయు మరల వ్రాయవలసి వచ్చెడిది. తీగలు విప్పి కట్టిన హోలరిత్ కాలము నుండి ఈ విషయములో పెద్దగా ముందుకు పోలేదని నా అభిప్రాయము.

దీనిని మార్చినవాడు ఎడ్గర్ కాడ్. ఇంగ్లండులో 1923లో పుట్టి, ఆక్స్‌ఫర్డులో గణితము చదివి, రెండవ ప్రపంచ యుద్ధములో విమానము నడిపి, తరువాత ఐ.బి.ఎం. పరిశోధనశాలలో చేరినాడు. 1970 జూన్ నెలలో ప్రకటించిన వ్యాసములో ఇతడు చెప్పినది చాల సామాన్యముగా కనిపించును: పెద్ద సమాచార నిధిని వాడుకొనువానికి, అది యంత్రములో ఎట్లు అమర్చబడినదో తెలియవలసిన అగత్యము ఉండరాదు. అన్నిటిని పట్టికలుగా చూడండి. పట్టిక అనగా వరుసల సమితి. షరతు పెట్టి కొన్ని వరుసలను ఏరుట ఒక పరిక్రియ; కొన్ని గళ్ళను మాత్రమే ఉంచుకొనుట మరొకటి; రెండు పట్టికలను జోడించుట ఇంకొకటి. పరిక్రియ ఫలితము కూడ పట్టికయే కనుక దానిమీద మరల పరిక్రియ చేయవచ్చును. పడిన కార్డులను మరల సూదికి గుచ్చినట్లే!

కాడ్ వ్రాతలో తర్కశాస్త్రపు చిహ్నములు, తలక్రిందులైన అక్షరములు ఉండుటచే సామాన్యులకు భయము గొలిపెడిది. అదే సంస్థలోని డొనాల్డ్ చేంబర్లిన్, రేమండ్ బాయిస్ అను యువకులు 1974లో ఆ చిహ్నములకు బదులు ఇంగ్లీషు మాటలతో ఒక ప్రశ్నభాషను రచించినారు. బాయిస్ ఆ సంవత్సరమే చిన్న వయస్సులో ఆకస్మికముగా మరణించినాడు. మొదట "సీక్వెల్" అను పేరు పెట్టినారు, ఆ పేరు మరొక కంపెనీ వ్యాపార చిహ్నమని తెలిసి, కుదించి "ఎస్.క్యూ.ఎల్." అన్నారు. ఆ భాషలో ప్రశ్నకు మూడు భాగములు: "సెలెక్ట్" తరువాత ఏ గళ్ళు కావలెనో, "ఫ్రమ్" తరువాత ఏ పట్టిక నుండియో, "వేర్" తరువాత ఏ షరతుపైనో వ్రాయవలెను. ఏ క్రమములో వెదకవలెనో వ్రాయుటకు అందులో చోటే లేదు. ముందు అరువదిమందిని తీయవలెనా, మూడువందలమందిని తీయవలెనా అన్నది యంత్రమే అంచనా వేసికొనును. అట్టి అంచనా పద్ధతిని పట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో వివరించినారు. ఎస్.క్యూ.ఎల్. 1986లో అమెరికాలోను, 1987లో అంతర్జాతీయముగాను ప్రమాణముగ అంగీకరింపబడినది.

వెదకు భారము యంత్రమునకు పోయినది. ఇక మనకు మిగిలినది ప్రశ్నను సరిగా అడుగుట. ఇది అనుకొన్నంత తేలిక కాదు. మన తెలుగే మనలను దారి తప్పించును. "గుంటూరు వారినీ, కృష్ణా వారినీ పిలువుము" అని ప్రధానోపాధ్యాయుడు అన్నచో బంట్రోతుకు సందేహము కలుగదు. యంత్రమునకు దీనిని "జిల్లా = గుంటూరు మరియు జిల్లా = కృష్ణా" అని వ్రాసినచో ఒక్కరును రారు. ఒక విద్యార్థి వరుసలో రెండు జిల్లాలు ఉండవు గదా! ఇక్కడ వ్రాయవలసినది "లేదా". మాటలాడునప్పుడు మనము మనుష్యులను కూడుచున్నాము. యంత్రము ఒక్కొక్క వరుసను నిలబెట్టి షరతు చదువుచున్నది. అందుచేత మన "నీ-నీ" దానికి "లేదా" అగుచున్నది.

"కాదు" చేరినప్పుడు చిక్కు ఇంకను పెరుగును. గుంటూరు, కృష్ణా తప్ప మిగిలిన జిల్లాలవారు కావలెనని "జిల్లా గుంటూరు కాదు లేదా జిల్లా కృష్ణా కాదు" అని వ్రాసినచో అందరును వచ్చి నిలుతురు. గుంటూరు విద్యార్థి "కృష్ణా కాదు" అను ద్వారము గుండ, కృష్ణా విద్యార్థి "గుంటూరు కాదు" అను ద్వారము గుండ లోనికి వచ్చును. "లేదా"ను కాదన్నప్పుడు అది "మరియు" అగునని చెప్పు డీమోర్గాన్ న్యాయము పరీక్షకు మాత్రమే పనికివచ్చునది కాదు. ఇట్లే, "ఎనిమిదవ తరగతి లేదా తొమ్మిదవ తరగతి మరియు బాలికలు" అన్నచో, "మరియు" ముందుగా బిగియును కనుక ఎనిమిదవ తరగతి బాలురందరును జాబితాలో చేరుదురు. కుండలీకరణములు పెట్టవలెను. మోషే జ్లూఫ్ అను పరిశోధకుడు 1975లో దీనికొక చక్కని ఉపాయము చూపినాడు: ఖాళీ పట్టికను చూపి నింపుమనుట. ఒకే అడ్డువరుసలో నింపిన షరతులు "మరియు". వేరు వేరు వరుసలలో నింపినవి "లేదా". కంటికి కనిపించుటచే పొరపాటు తగ్గును.

ఇక మొదట చెప్పిన చిక్కు. నలుబదిమంది గల తరగతిలో గణితములో 35 గాని అంతకు మించి గాని మార్కులు వచ్చినవారిని అడిగితిమి. 29 వరుసలు వచ్చినవి. 35 కంటె తక్కువ వచ్చినవారిని అడిగితిమి, 8 వచ్చినవి. కూడిన 37. ముగ్గురేమైరి? వారు పరీక్షకు గైర్హాజరు. మార్కుల గడి ఖాళీ. ఎస్.క్యూ.ఎల్. అట్టి గడిని "నల్" అనును. ఖాళీని దేనితో పోల్చినను జవాబు "అవును" కాదు, "కాదు" కాదు, "తెలియదు". ఆ "తెలియదు"కు "కాదు" చేర్చినను "తెలియదే". "వేర్" మాత్రము "అవును" అన్నవారినే ఉంచుకొనును. కనుక ఆ ముగ్గురు రెండు జాబితాలలోను లేరు. ఉత్తీర్ణులకు ఇచ్చు బహుమతిలో లేరు. తప్పినవారికి పెట్టు ప్రత్యేక తరగతిలోను లేరు. వారికొరకు "ఖాళీగా ఉన్నదా" అని అడుగు వేరొక పరిక్రియ ఉన్నది. కాని వారున్నారని తలచినవాడే దానిని వ్రాయును.

మూడు విలువల తర్కమును పోలండు పండితుడు లుకాసివిచ్ 1920లోనే ప్రతిపాదించినాడు. కాడ్ 1979లో వ్రాసిన వ్యాసమున పట్టికలలోని ఖాళీకి అట్టి తర్కమునే విధించినాడు. కాడ్ సిద్ధాంతమును ప్రపంచమునకు వివరించి చెప్పిన క్రిస్ డేట్ ఈ ఒక్క విషయమున మాత్రము అతనిని ఎదిరించి, ఖాళీలకు పట్టికలో చోటే ఉండరాదని అనేక సంవత్సరములు వాదించినాడు. కాడ్ వెనుదీయలేదు సరిగదా, 1990లో ప్రకటించిన గ్రంథములో ఒక ఖాళీ చాలదు, రెండు కావలెనన్నాడు: విలువ ఉన్నది గాని మనకు తెలియనిది ఒకటి, ఆ వరుసకు ఆ గడియే వర్తించనిది మరొకటి. గైర్హాజరైన విద్యార్థికిని, ఆ విషయమే తీసికొనని విద్యార్థికిని గల భేదము వంటిది. కాడ్ అడిగిన రెండవ ఖాళీని ప్రమాణము అంగీకరించలేదు. మార్కుల రిజిస్టరులో సున్నకును, గైర్హాజరునకును, అడ్డుగీటకును వేరు వేరు గుర్తులు వ్రాయు ఉపాధ్యాయుడు కంప్యూటరులో ఆ భేదము నిలుపదలచినచో, మార్కుల గడి పక్కన "కారణము" అను మరొక గడిని తానే చేర్చుకొనవలెను.